అరగంట జాయింటుకి, ఒక రోజు చేపలకి

"అరగంట ఆగి మోటార్ వేసుకోండి సార్." పీవీసీ పైపు అతికించిన ప్లంబరు చేతికంటిన సొల్యూషన్‌ని గోళ్లతో గీక్కుంటూ చెప్పే మాట ఇది. ఆయన చెప్పింది తప్పేమీ కాదు. దాని వెనక ఏళ్ల అనుభవం ఉంది. కంపెనీల పట్టిక కూడా ఉంది, ఆయన దాన్ని ఎన్నడూ చూసి ఉండకపోయినా. ఇంట్లో నల్లాకి ఆ అరగంట సరిపోతుంది. అదే పైపు అక్వేరియం కింద బీరువాలో ఉంటే మాత్రం లెక్క మారుతుంది. జాయింటు ఊడిపోతుందేమోనని చాలామంది భయపడతారు గానీ, అరగంట ఆగితే అది ఊడదు. ఆ నీళ్లు మనం తాగేవి, తోముకునేవి అయితే ఒక లెక్క. ఆ నీళ్లలోనే రాత్రింబవళ్లు ఊపిరి తీసే ప్రాణులుంటే ఇంకో లెక్క.

ముందు డబ్బాలో ఏముందో చూద్దాం. అందరం గమ్ము అంటాం గానీ, అది రెండు వస్తువుల మధ్య చేరి పట్టుకునే బంక లాంటిది కాదు. పీవీసీనే కొన్ని ద్రావకాల్లో కరిగించి పెట్టిన చిక్కటి ద్రవం. మామూలుగా కనిపించే ద్రావకాలు నాలుగు: అసిటోన్, టెట్రాహైడ్రోఫ్యూరాన్, మిథైల్ ఇథైల్ కీటోన్, సైక్లోహెక్సనోన్. రెండోదాన్ని టీహెచ్ఎఫ్ అనీ మూడోదాన్ని ఎంఈకే అనీ పిలిస్తే మన నోటికి హాయి. ఏది ఎంత పాలు కలపాలన్నది కంపెనీ కంపెనీకీ మారుతుంది. పూయగానే ఇది పైపు పైపొరని మెత్తబరుస్తుంది, ఫిట్టింగు లోపలి గోడనీ మెత్తబరుస్తుంది. ఒకదాంట్లోకి ఒకటి తోసినప్పుడు మెత్తబడ్డ ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువులు అటువి ఇటు, ఇటువి అటు చొచ్చుకుపోతాయి. రెండు బెల్లం ముక్కల అంచులు తడిపి, అదిమిపెట్టి, ఆరనిస్తే ఒకే ముక్క అయిపోతుంది చూడండి, అలాగన్నమాట. బెల్లంలో తడి పోవాలి, ఇక్కడ ద్రావకం పోవాలి. అది పోయేదాకా మీ ఎల్బో దగ్గర ఉన్నది సగం మెత్తటి పీవీసీయే.

మెలికంతా ఆ పోవడంలోనే ఉంది. అసిటోన్ 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. టీహెచ్ఎఫ్ 66 దగ్గర, ఎంఈకే 80 దగ్గర. సైక్లోహెక్సనోన్ మాత్రం 155 దాటితే గానీ మరగదు. ఎంత తక్కువలో మరిగేది అయితే మామూలు గదిలో అంత తొందరగా ఆవిరైపోతుంది. అందుకని మొదటి మూడూ గబగబా సర్దుకుని వెళ్లిపోతాయి, నాలుగోది తీరిగ్గా బయల్దేరుతుంది. దాన్ని కలపడం కూడా కావాలనే. అది లేకపోతే మీరు బ్రష్షు డబ్బాలో పెట్టి పైపు చేతిలోకి తీసుకునే లోపే పూసింది ఆరిపోతుంది. తోసేటప్పుడు మనకి టైము ఇచ్చిన ద్రావకమే, తరవాత మన టైము తింటుంది.

ఇప్పుడు జాయింటుని దగ్గరగా చూడండి. అంగుళం పైపు ఎల్బోలోకి అంగుళానికి కాస్త అటూ ఇటూ లోతుకి దిగింది. బయట అంచు చుట్టూ సన్నటి గాజు ఉంగరంలా సొల్యూషన్ పేరుకుంది. పది నిమిషాల తరవాత గోరు పెట్టి నొక్కితే గట్టిగా ఉంది. మనం సంతోషిస్తాం. కానీ ఆ ఉంగరం గాలికి ఎదురుగా ఉంది కాబట్టి ఆరింది. లోపల రెండు గోడల మధ్య నలిగిన పలచటి పొరకి గాలి లేదు. దానికున్న దారులు మూడు. బయట అంచు, దాని మీద ఇప్పటికే ఎండిన చెక్కు కట్టేసింది. ప్లాస్టిక్ గోడ గుండా ఊరుతూ బయటికి రావడం, దానికి రోజులు పడుతుంది. మూడోది పైపు లోపలి వైపు, అంటే నీళ్లు పారే వైపు. బయట వేలికి తెలిసినదాన్ని బట్టి లోపల ఏం జరుగుతోందో చెప్పలేం. పైగా పైపు తోసినప్పుడు ఎక్కువైన సొల్యూషన్‌లో కొంత లోపలికీ నెట్టబడి, ఎల్బో వంపులో చిన్న మడుగు కట్టి ఉంటుంది. అది మనకి కనబడదు. ఎంత ఎక్కువ పూస్తే అంత పట్టు అనుకునేవాళ్ల ఇళ్లలో ఆ మడుగు ఇంకాస్త పెద్దది. అది పట్టు పెంచకపోగా, అడుగున ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తూ కూర్చుంటుంది.

ఇంకో చిన్న విషయం. ఈ ద్రావకాల ఆవిర్లు గాలికన్నా బరువు. టీహెచ్ఎఫ్, ఎంఈకే ఆవిర్లయితే రెండింతలకు పైనే బరువు. పైపు రెండు చివర్లూ తెరిచి పెట్టినంత మాత్రాన అవి పైకి తేలిపోవు, కిందున్న వంపులో చేరి కూర్చుంటాయి. అందుకే చిన్న ఫ్యాను ఒక చివర పెట్టి గాలి ఆడనిస్తే ఆ మూడో దారి చురుగ్గా పనిచేస్తుంది. హెయిర్ డ్రయ్యరు పెట్టాలన్న ఆలోచన వస్తే మానుకోండి. టీహెచ్ఎఫ్ ఆవిరి అంటుకోవడానికి మన ఊళ్లో ఏ ఋతువైనా తగినంత వేడే, దాని ఫ్లాష్ పాయింటు మైనస్ 14 డిగ్రీలు. బీరువా పక్కనే దేవుడి గూడు ఉన్న ఇళ్లలో ఆ పూటకి దీపం, అగరొత్తులు వాయిదా వేసుకుంటే దేవుడేమీ అనుకోడు.

కంపెనీలు ఈ ఆరడాన్ని రెండు అంకెలుగా రాస్తాయి. ఒకటి కదిలించడానికి ఆగాల్సిన సమయం, రెండోది ఒత్తిడి పెట్టడానికి ఆగాల్సిన సమయం. అమెరికాలో బాగా వాడుకలో ఉన్న పట్టిక ఇలా ఉంటుంది. అరంగుళం నుంచి అంగుళంపావు దాకా పైపులకి, 16 నుంచి 38 డిగ్రీల వేడిలో, 2 నిమిషాలకి పట్టు వస్తుంది. 15 నిమిషాలు ఆగితే 160 పీఎస్‌ఐ దాకా ఒత్తిడి పెట్టొచ్చు. అంతకు మించిన ఒత్తిడికైతే 6 గంటలు. అంగుళంన్నర, రెండంగుళాల పైపులకి 5 నిమిషాలు, 30 నిమిషాలు, 12 గంటలు. ప్లంబరు చెప్పిన అరగంట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది కదా.

160 పీఎస్‌ఐ అంటే దాదాపు 110 మీటర్ల ఎత్తు నీటి బరువు. ముప్పై అంతస్తుల భవనం మీద ట్యాంకు పెట్టి కింద నల్లా తిప్పినట్టు. మరి మన అక్వేరియంలో? కింద సంప్ అనే అడుగు తొట్టిలోంచి పంపు నీళ్లని మీటరున్నరో రెండు మీటర్లో పైకి తోస్తుంది. అంటే మహా అయితే 3 పీఎస్‌ఐ. అంత చిన్న ఒత్తిడికి సరిగ్గా చేసిన జాయింటు పావుగంటలోనే సిద్ధం. అక్వేరియం పైపు కారిందంటే తొందరగా నీళ్లు వదలడం కన్నా వేరే కారణాలే ఎక్కువ. హ్యాక్సా బ్లేడుతో వంకరగా కోయడం, అంచున రజను గీకకపోవడం, తడిగా ఉండగా పూయడం, తోసిన తరవాత అర నిమిషం అదిమి పట్టుకోకపోవడం. ఈ చివరిదాన్ని ఎవరూ లెక్కచేయరు. ఫిట్టింగు లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది, అందుకని మెత్తబడ్డ పైపుని అది మెల్లగా బయటికి నెడుతుంది. చెయ్యి తీసేసి మీరు ఫోను చూసుకునేలోపు పైపు పావంగుళం వెనక్కి వచ్చి ఉంటుంది.

పట్టికలో చిన్న అక్షరాల్లో ఒక షరతు కూడా ఉంటుంది. ఆ అంకెలన్నీ గాలిలో తేమ 60 శాతమో అంతకన్నా తక్కువో ఉన్నప్పటివి, తేమ ఎక్కువైతే ఇంకో సగం సమయం కలుపుకోవాలి. విశాఖలోనో కాకినాడలోనో జులై నెలలో తేమ 60 శాతానికి దిగిందంటే అది పేపర్లో వేయాల్సిన వార్త. కాబట్టి కోస్తావాళ్లు ఆ ఒకటిన్నర రెట్ల లెక్కనే అసలు లెక్క అనుకోవడం మంచిది. చలి కూడా ఆలస్యం చేస్తుంది. 16 డిగ్రీల కిందికి పోతే 6 గంటల గడిలో 12 ఉంటుంది. లంబసింగిలో జనవరి రాత్రి పైపు అతికించేవాళ్లకి అది వర్తిస్తుంది. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం కష్టం దీనికి తలకిందులు. అక్కడ సొల్యూషన్ పూసిన చోటే, తోయకముందే, పైన మీగడ కట్టేస్తుంది. అలా మీగడ కట్టిన పైపు లోపలికి వెళ్తుంది గానీ అతుక్కోదు. పైపులూ డబ్బా నీడలో పెట్టుకుని, పొద్దున్నే పని ముగించుకోవడం తప్ప దానికి మందు లేదు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పగడాల ట్యాంకు పెట్టుకున్న మనవాళ్లు సొల్యూషన్‌కి ముందు ఊదా రంగు ప్రైమరు కూడా పూస్తారు. అది పైపు నునుపు తీసేసి, ముందే కాస్త మెత్తబరుస్తుంది. ఊదా రంగు ఎందుకంటే, పూశారా లేదా అన్నది తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుకి చూడగానే తెలియాలని. మన దగ్గర చాలా ఇళ్లలో ప్రైమరూ ఉండదు, తనిఖీకి వచ్చేవాడూ ఉండడు, కాబట్టి రంగు గొడవా లేదు. ప్రైమరు వాడితే జాయింటు గట్టిదే గానీ, అదీ ద్రావకమే. ఆరాల్సిన సరుకు ఇంకాస్త పెరుగుతుంది.

సరే, అరగంటకి గట్టిపడిన జాయింటులో మిగిలిపోయిన ద్రావకం నీళ్లలోకి దిగితే చేపలు చచ్చిపోతాయా? ఇక్కడ భయాన్ని కాస్త తూకం వేయాలి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో సుమారు 250 లీటర్లు పడతాయి. పది జాయింట్ల లోంచి, లోపలి మడుగులతో కలిపి, ఒక గ్రాము ద్రావకం దిగిందనుకుందాం. లీటరుకి 4 మిల్లీగ్రాములు. ప్రయోగశాలల్లో ఫ్యాట్‌హెడ్ మినో అనే చిన్న చేప మీద పరీక్షలు చేస్తారు. ఈ నాలుగు ద్రావకాల్లో ఏదైనా సగం చేపల్ని చంపాలంటే లీటరుకి కొన్ని వందల నుంచి కొన్ని వేల మిల్లీగ్రాములు కావాలని ఆ పరీక్షలు చెబుతాయి. మన 4 దానికి ఎక్కడా దగ్గర్లో లేదు. గమ్ము విషమై చేపలు పోయాయని చెప్పుకునే కథల్లో చాలావాటికి ఇంకో కారణం వెతకాలి.

ఆ కారణం ఆక్సిజన్ దగ్గర దొరుకుతుంది. ద్రావకం చేపకి విషం కాకపోయినా, బాక్టీరియాకి తిండి. ముఖ్యంగా అసిటోన్, ఎంఈకేలు వాటికి సులువుగా అరుగుతాయి. టీహెచ్ఎఫ్ దగ్గర కాస్త తడబడతాయి. తిండి దొరికిన బాక్టీరియా పెరుగుతుంది, పెరిగేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ వాడుకుంటుంది. ఒక గ్రాము టీహెచ్ఎఫ్ గానీ ఎంఈకే గానీ పూర్తిగా అరగాలంటే 2.4 గ్రాముల ఆక్సిజన్ కావాలి, ఇది కెమిస్ట్రీ పుస్తకంలో సమీకరణం రాసి కూడితే వచ్చే లెక్క. 28 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకి 7.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ని పట్టి ఉంచగలవు. మన 250 లీటర్లలో మొత్తం కలిపి 2 గ్రాములు కూడా లేదు. అంటే పది జాయింట్ల లోంచి ఊరిన ఒక్క గ్రాము, ట్యాంకులో ఉన్న ఆక్సిజన్ మొత్తానికి మించి అప్పు అడుగుతుంది. సముద్రపు నీళ్లయితే ఆ నిల్వ ఇంకా తక్కువ, అదే వేడిలో లీటరుకి ఒక మిల్లీగ్రాముకి పైగా తగ్గుతుంది.

ఈ అప్పు ఒక్క పూటలో తీర్చమని అడగదు. రోజుల తరబడి కొంచెం కొంచెంగా అడుగుతుంది, ఈలోగా పైనుంచి గాలి కలుస్తూనే ఉంటుంది. మామూలు రోజున ట్యాంకు దాన్ని తట్టుకుంటుంది. కానీ పైపు అతికించిన రోజు మామూలు రోజు కాదు. పంపు గంటల తరబడి ఆగి ఉంది. ఫిల్టరులో బాక్టీరియా ఊపిరాడక సగం చచ్చి ఉంది. నీళ్లు కదలక పైపొర ఒక్కటే గాలి పీలుస్తోంది. రాత్రయితే మొక్కలు కూడా ఆక్సిజన్ ఇవ్వడం మానేసి తీసుకోవడం మొదలుపెడతాయి. వీటన్నిటి మీదా ఈ కొత్త అప్పు. మర్నాడు నీళ్లు పలచటి పాలలా తెల్లబడి, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే "గమ్ము పడలేదు" అనుకుంటాం. సముద్రపు ట్యాంకులో మురికిని నురగగా లాగేసే ప్రొటీన్ స్కిమ్మరు ఉంటే కథ ఇంకా ముందే తెలుస్తుంది. పంపు వేయగానే అది పూనకం వచ్చినట్టు నురగ పొంగించి, కప్పు నింపి, బీరువా అంతా తడిపేస్తుంది.

రొయ్యలు, పగడాల మాట వేరు. మినో చేప మీద చేసిన పరీక్ష వాటికి హామీ ఇవ్వదు. చిన్న ట్యాంకుదీ అదే ఇబ్బంది, నీళ్లు తగ్గేకొద్దీ అదే గ్రాము పెద్దదవుతుంది. భీమిలి, ఉప్పాడ తీరాల్లో వనామి రొయ్య హేచరీల్లో నీళ్లు ఎక్కువగా పారేది పీవీసీ పైపుల్లోనే. అక్కడ ఒక్కో ట్యాంకులో లక్షల లార్వాలుంటాయి. అంత సరుకు మీద అరగంట తొందర పరీక్షించేవాడెవడూ ఉండడు. ఇంట్లో నాలుగు గప్పీలున్నంత మాత్రాన మనకి తొందరపడే హక్కు వచ్చిందని అనుకోలేం.

అసలు లోహపు పైపులు పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు కదా అనిపించవచ్చు. కానీ రాగి కొద్దిగా కరిగినా రొయ్యలకీ, నత్తలకీ, పగడాలకీ ప్రాణాంతకం. సముద్రపు చేపల మీద తెల్ల మచ్చల జబ్బుకి రాగి మందే వాడతారు, లీటరుకి 0.2 మిల్లీగ్రాముల లోపు. ఆ మోతాదుకే వెన్నెముక లేని జీవులు తట్టుకోలేవు. ఇనుము ఉప్పునీళ్లలో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అలా మిగిలింది పీవీసీ. కొనేటప్పుడు తాగునీటి పైపుకిచ్చే ఐఎస్ 4985 ముద్ర, సొల్యూషన్ డబ్బా మీద ఐఎస్ 14182 ముద్ర చూసుకోండి. పీవీసీ పైపుల్లో సీసం స్టెబిలైజరు తీసేయాలని కేంద్రం నియమాలు తెచ్చింది 2021లో. అంతకుముందు నుంచి గోడౌనులో పడి ఉన్న పాత సరుకు చవగ్గా ఇస్తామంటే అది చేపల ట్యాంకుకి పనికిరాని చవక.

ఇప్పుడు ఎంతసేపు ఆగాలి? మంచినీటి ట్యాంకయినా, సముద్రపు ట్యాంకయినా ఒక రోజు, అంటే 24 గంటలు. ఇది చేపల మీద కొలిచి తేల్చిన అంకె కాదు. పట్టికలో ఎక్కువ ఒత్తిడికి రాసిన 6, 12, 24 గంటల గడుల్లోంచి అలవాటుగా వచ్చి స్థిరపడిందని నా అనుమానం. అయినా మంచి అలవాటే. ఫ్యాను గాలి పెట్టి, రెండు చివర్లూ తెరిచి ఉంచితే ఆ సమయంలో లోపలి ద్రావకంలో చాలా భాగం పోతుంది. వానాకాలం అయితే, పెద్ద పైపు అయితే, ఒకటిన్నర రోజు. గంటల పట్టిక కన్నా నమ్మదగింది ముక్కు. పైపు చివర దగ్గర వాసన చూడండి, డబ్బా మూత తీసినప్పటి వాసన ఏమాత్రం తగిలినా పని కాలేదన్నమాట. వాసన చూడమన్నానని పైపులో ముక్కు పెట్టి గాఢంగా పీల్చకండి, అది తలనొప్పికి దగ్గరి దారి.

ఒక రోజు ఆగమని చెప్పడం తేలిక. ఆ రోజంతా చేపలేం చేయాలి అన్నదే చాలామంది అడగని ప్రశ్న, అందువల్లే చాలామంది ఆగరు. పంపు ఆగిన ట్యాంకులో ముందు దెబ్బ తినేది చేపలు కాదు, ఫిల్టరు. మూత బిగించిన క్యానిస్టరు ఫిల్టరులో బాక్టీరియా అందులో ఉన్న కాసిని నీళ్లలో ఆక్సిజన్ కొన్ని గంటల్లోనే ఖాళీ చేసేస్తుంది. తరవాత అక్కడ కుళ్లడం మొదలవుతుంది. మర్నాడు స్విచ్చు వేస్తే ఆ కుళ్లిన నీళ్లు నేరుగా చేపల మీదికి. అందుకే పంపు ఆపిన వెంటనే మూత తీసి, లోపలి రింగులూ స్పాంజీలూ ఒక వల సంచిలో వేసి ట్యాంకులోనే వేలాడదీయాలి. పక్కనే ఎయిర్ పంపు రాయి. నీళ్లని తోసే చిన్న పవర్‌హెడ్డు ఉంటే నీటి పైపొర కదిలేలా తిప్పి పెట్టండి, ఆక్సిజన్ కలిసేది అక్కడే. ఆ రోజు మేత వేయకండి. ఒక రోజు పస్తుతో ఏ ఆరోగ్యమైన చేపా చావదు, తినకుండా మిగిలిన మేత కుళ్లి అమోనియా అయితే చస్తుంది. మీరు పెంచేది తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనయితే అది పైకొచ్చి గాలే పీల్చుకుంటుంది, బెంగ లేదు. కాకపోతే కొర్రమీను కోసం గాజు ట్యాంకు కొనేవాళ్లు తక్కువ, గిన్నె కొనేవాళ్లే ఎక్కువ.

ఎయిర్ పంపు గురించి ఒక హెచ్చరిక. అది గదిలో గాలిని పీల్చి నీళ్లలోకి ఊదుతుంది. అదే గదిలో తలుపులు వేసుకుని మీరు సొల్యూషన్ పూస్తుంటే, పైపులోంచి ఊరకముందే ద్రావకాన్ని మీరే నిమిషానికి లీటర్ల లెక్కన బుడగలు కట్టి చేపలకి పంపిస్తున్నారు. కిటికీలు తెరవండి, పంపుని కిటికీ వైపుకి జరపండి, అతికించే పని బాల్కనీలో చేయండి.

ఈ బాల్కనీ మాటలోనే సగం పరిష్కారం ఉంది. జాయింట్లు ట్యాంకు కింద వంగి, టార్చి నోట్లో పెట్టుకుని అతికించాలని ఎవరూ శాసనం చేయలేదు. ముందు అన్నీ పొడిగా అమర్చి చూసుకుని, ప్రతి జాయింటు మీద మార్కరుతో అడ్డగీత గీయండి. తరవాత ఆ గీతలు కలిస్తే ఎల్బో సరైన వైపే తిరిగినట్టు. పొడిగా అమర్చినప్పుడు పైపు పూర్తిగా దిగదు, మూడోవంతు నుంచి రెండొంతుల దాకా దిగి బిగుసుకుంటే ఫిట్టింగు మంచిది. తరవాత అన్నీ ఊడదీసి, బాల్కనీలో అతికించి, రెండు చివర్లా యూనియన్లు పెట్టిన ఒకే ముక్కగా తయారుచేసుకోండి. అది రెండు రోజులో వారమో అక్కడే ఆరుతుంది. ఈలోగా పాత పైపుతో ట్యాంకు నడుస్తూనే ఉంటుంది. మార్చే రోజు యూనియన్లు విప్పి, పాతది తీసి, కొత్తది బిగిస్తే పంపు ఆగేది పావుగంట. అతికిన జాయింటుని విప్పలేం, యూనియన్ని విప్పగలం, దాని ధర దానికే వస్తుంది. పైపు హఠాత్తుగా పగిలి వారం ఆగే వీలు లేకపోతే, పగిలిన చోట బ్రెయిడెడ్ హోసు ముక్క తొడిగి, రెండు వైపులా క్లిప్పులు బిగించి నడిపించండి. చూడ్డానికి బాగుండదు, కానీ దాంట్లో ద్రావకం లేదు. ఎం-సీల్ ముద్ద పెట్టి ఊరుకోవడం మాత్రం వద్దు, లోపల నీళ్లు తోస్తుండగా తడి పైపు మీద అది ఎక్కువ కాలం నిలవదు.

మరలున్న చోట్ల సొల్యూషన్ పూయొద్దు, టెఫ్లాన్ టేపు చాలు. ఓవర్‌ఫ్లో పైపులో ట్యాంకు లోపల నిలబడే ముక్కని అసలు అతికించనే అక్కర్లేదు. అది కారినా నీళ్లు ఆ పైపులోంచి సంప్ లోకే పోతాయి. సీపీవీసీ పైపుకి సీపీవీసీ సొల్యూషన్, యూపీవీసీకి యూపీవీసీది. ఇక ట్యాంకు అంచుకి వాడే సిలికాన్, పగడం ముక్కలు అంటించే ఫెవిక్విక్ లాంటివి ఆరేది తేమతో, పీవీసీ సొల్యూషన్‌కి తేమ పడదు. హార్డ్‌వేర్ షాపులో మూడిటినీ గమ్మనే అడుగుతాం, కాబట్టి ఒకదానికి చెప్పిన సమయం ఇంకోదానికి అంటగట్టకండి.

ఆరిన తరవాత మొదటి నీళ్లు చేపలకి కాదు. కొత్త పైపులు వేసిన ఇంట్లో మొదటి బిందె నీళ్లు గమ్ము వాసన కొడితే పారబోస్తాం కదా, ఇక్కడా అంతే. పంపుని బకెట్టులో పెట్టి, పైపు చివర కూడా అదే బకెట్టులోకి తిప్పి, నల్లా నీళ్లతో అరగంట తిప్పండి. ఆ నీళ్లు పారబోసి ఇంకోసారి. టీహెచ్ఎఫ్, అసిటోన్‌లు నీళ్లలో ఎంతైనా కలిసిపోతాయి కాబట్టి లోపలి మడుగులో మిగిలినవి ఇలా చాలావరకు కడుక్కుపోతాయి. సంప్ లో యాక్టివేటెడ్ కార్బన్ సంచి పెడితే మంచిదే, సైక్లోహెక్సనోన్ లాంటి బరువైనవి అది పట్టుకుంటుంది. అసిటోన్ లాంటి తేలికవాటిని పెద్దగా పట్టుకోదు, దాన్ని చూసి కడగడం మానేయకండి. కారుతుందో లేదో చూడ్డానికి నీళ్లే వాడండి, కంప్రెసరు గాలి ఎక్కించకండి. గాలి కుక్కి ఉన్న పీవీసీ పగిలితే ముక్కలు ఎగురుతాయి, పైపుల కంపెనీలన్నీ వద్దని రాసేది ఇందుకే.

చివరిగా వేళ. ఈ పని ఆదివారం రాత్రి మొదలుపెట్టకండి. శనివారం పొద్దున్న మొదలుపెడితే జాయింటుకి ఒక పగలూ ఒక రాత్రీ దొరుకుతాయి, ఆదివారం కడిగి నీళ్లు వదిలి, పక్కన కూర్చుని చూసుకోవడానికి మీరూ దొరుకుతారు. సాకెట్ సైజు తేడా వచ్చిందని ఆదివారం సాయంత్రం తెలిస్తే ఏమీ చేయలేరు. మన ఊళ్లలో హార్డ్‌వేర్ షాపులవాళ్లు ఆదివారం మధ్యాహ్నానికే షట్టర్లు దించేస్తారు.